‘ఇంటి గుట్టు లంకకు చేటు’: చేటు గుట్టుదా, రట్టుదా?

సిసిలీలోని పలెర్మోలో 1986లో మొదలైన మాఫియా మహావిచారణ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 470 మందికి పైగా నిందితులున్న ఆ కేసుకు ఆయువుపట్టు, 1984లో దర్యాప్తు న్యాయమూర్తి ఫాల్కోనే ఎదుట మాఫియా మనిషే అయిన తొమ్మాజో బుషెత్తా ఇచ్చిన వాంగ్మూలం. ఆ భాగానికి ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని పేరు పెట్టాను గాని, చిన్నప్పుడు విన్న సామెతలో ‘రట్టు’ కూడా ఉన్నట్టు లీలగా గుర్తు. గుట్టు గుట్టుగానే ఉంటే చేటెందుకవుతుంది?

—

‘రట్టు’ అర్థం కాని వారి కోసం తరవాత వేసిన అతుకు. ఇక్కడ గుట్టంటే గుట్టు తెలిసినవాడు, అంటే సాక్షాత్తు విభీషణుడు.

—

మాస్టారి లక్షణార్థం బాగుంది గాని, బుషెత్తాను విభీషణుడితో పోల్చడానికి మనసొప్పడం లేదు. విభీషణుడు హితవు చెప్పి, అది చెవికెక్కకపోతే యుద్ధానికి ముందే వెళ్లిపోయాడు. ఇతడు 1982లో ఇద్దరు కొడుకులు మాయమయ్యాక నోరు విప్పాడు. పైగా ద్రోహం చేసింది తాను కాదనీ, పాత కట్టుబాటును మంటగలిపింది మాఫియాలోని ప్రత్యర్థి ముఠా అయిన కొర్లియోనె వర్గమేననీ వాదించాడు. గుట్టుకు రహస్యమనే కాదు, ‘గుట్టుగా బతకడం’లో ఉన్న మర్యాద అనే అర్థం కూడా ఉంది. నోరు విప్పకూడదనే వారి కట్టుబాటు ‘ఒమెర్తా’ కూడా అణకువను చెప్పే ‘ఉమిల్తా’లోని లకారం రేఫ కాగా పుట్టిందని ఒక వాదం.

—

రలయోరభేదః, అంటే ర-లలకు భేదం లేదు, అని మనవాళ్లు ఏనాడో అన్నారు కాబట్టి దానికి ఆశ్చర్యపడను. అయినా సిసిలీ మాటలో మనిషిని చెప్పే ‘ఒము’ నుంచి వచ్చిందనే రెండో వాదమే నాకు రుచిస్తుంది, ఎందుకంటే ఆ మౌనంలో అణకువ కంటే మగతనపు బింకమే ఎక్కువ. ఇక చేటు సంగతికి తిక్కనగారి దగ్గరికే వెళ్లాలి. ‘సారపు ధర్మమున్’ పద్యంలో ధర్మం చెడుతుంటే ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అంటాడు కౌరవసభలో కృష్ణుడు. ‘పెద్దలు’ అనకుండా ‘దక్షులు’ అనడంలోనే ఉంది ఆ కవి చెయ్యి: ఆపగలిగి ఆపనివారని కదా! నోరు మెదపకపోవడమే చేటైనప్పుడు గుట్టే చేటు, రట్టుతో పనిలేదు.

—

క్షమించాలి, నిండు సభలో అందరి కళ్లెదుటా జరిగినదానికి గుట్టేమిటి? ఉపేక్ష వేరు, గుట్టు వేరు. తిక్కన మీద మీకున్న ప్రేమ సామెతను మింగేస్తోంది.

—

ఇంతకీ రట్టు ఉంచాలో తీసేయాలో ఎవరూ తేల్చలేదు. ప్రస్తుతానికి దాన్ని కుండలీకరణాల్లో పెట్టాను.

—

సామెతకు కుండలీకరణాలేమిటండీ!