బేర్ మెటల్ రాస్ప్‌బెర్రీ పైలో గ్రాఫిక్స్: జీపీయూను నేరుగా నడపాలా, డీఎంఏ చాలా?

ప్రశ్న (బాలానగర్):
మిత్రులకు నమస్కారం. మా వర్క్‌షాపులోని లేత్‌కు కొలతలు చూపే 800×480 తెర కోసం, లినక్స్ లేకుండా (బేర్ మెటల్‌గా) రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే గ్రాఫిక్స్ లైబ్రరీ రాస్తున్నాను. అంకెలు, గీతలు ప్రాసెసరే చక్కగా గీస్తోంది గాని, ముల్లు తిరిగే డయల్ పెట్టగానే కదలిక తడబడుతోంది. అందులోని వీడియోకోర్ 4 జీపీయూను (బొమ్మలు గీసే ప్రత్యేక ప్రాసెసర్‌ను) వాడుకోవాలా, డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీలో డేటాను కాపీ చేసే విభాగంతో) సరిపోతుందా?

మొదటి జవాబు:
డీఎంఏ చాలండి. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఫ్రేముకు 15,36,000 బైట్లు. సెకనుకు 60 ఫ్రేములైనా సుమారు 92 మెగాబైట్లే. పైగా వీడియోకోర్ 4 త్రీడీ విభాగానికి ఎంఎంయూ (మెమరీ చిరునామాలను అదుపు చేసే విభాగం) లేదు. ఒక్క చిరునామా తప్పినా మెమరీలో ఎక్కడపడితే అక్కడ రాసేస్తుంది. లినక్స్ డ్రైవర్ షేడర్లను (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాములను) ముందే తనిఖీ చేసేది అందుకే. లేత్ పక్కన పెట్టే పరికరంలో అంత ప్రమాదం కొనితెచ్చుకోవద్దని నా మనవి.

రెండో జవాబు (ఉప్పల్):
ఆ లెక్క సరైనదే, అయితే అది నింపడానికీ, కాపీ చేయడానికీ మాత్రమే వర్తిస్తుంది. డీఎంఏ బొమ్మను తిప్పలేదు, రంగులను కలపలేదు. ముల్లు అంచు నునుపుగా ఉండాలంటే ప్రతి పిక్సెల్ దగ్గరా పాత రంగును చదివి, కొత్త రంగుతో పాళ్లు చూసి కలిపి, తిరిగి రాయాలి. నియాన్ (ఒకేసారి అనేక అంకెల మీద లెక్క చేసే సూచనలు) లేని, పై జీరోలోని ఏఆర్ఎం1176 కోర్‌కు అదే మోయలేని బరువు. వీడియోకోర్ 4 తెరను 64×64 పిక్సెళ్ల పలకలుగా, అంటే మీ తెరను 104 పలకలుగా విడదీసి, కలిపే పనంతా చిప్ లోపలే ముగించి, పూర్తయిన పలకను మాత్రమే మెమరీకి పంపుతుంది. దాని నిర్మాణ వివరాలను బ్రాడ్‌కామ్ 2014లోనే బయటపెట్టింది.

షేడర్ల విషయానికొస్తే, రెండు మూడింటిని మనమే రాసి లైబ్రరీలో స్థిరంగా ఉంచి, ప్రోగ్రాముకు త్రిభుజాల కొనలు ఇచ్చే వీలు మాత్రమే కల్పించాలి. నన్ను నిజంగా ఏడిపించింది క్యాష్ (ప్రాసెసర్ రాసినదాన్ని తాత్కాలికంగా ఉంచే చిన్న మెమరీ). అక్షరాల అంచున సరిగ్గా ఎనిమిదేసి పిక్సెళ్ల పొడవున పాత రంగు మిగిలిపోయేది. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న సీరియల్ కేబుల్ తగిలించి రెండు రాత్రులు వెతికాక గాని, క్యాష్ లైన్ (క్యాష్ ఒకేసారి కదిలించే ముక్క) 32 బైట్లనీ, పిక్సెల్‌కు 4 బైట్లనీ, ప్రాసెసర్ రాసింది మెమరీకి చేరకముందే జీపీయూ చదువుతోందనీ తట్టలేదు. డీఎంఏ వాడినా ఈ బాధ తప్పదు. పై 4కు వెళ్తే మాత్రం అందులోని వీడియోకోర్ 6కు అలాంటి నిర్మాణ వివరాల పుస్తకం లేదు, మెసా (ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు) సోర్సు చదువుకోవలసిందే. కాబట్టి గీసే ఫంక్షన్లను హార్డ్‌వేర్ కోడ్ నుంచి మొదటే వేరుచేయండి.

మొదటి సభ్యుని స్పందన:
రంగులు కలిపే విషయం ఒప్పుకుంటున్నాను. కానీ త్రిభుజాలను పలకలవారీగా పంచే దశలో ఇచ్చిన మెమరీ చాలకపోతే, అదనంగా అందించేవరకు జీపీయూ ఆగిపోతుంది. యంత్రం తిరుగుతుండగా కొలత అలా నిలిచిపోతే పనివాడు పాత అంకెనే నమ్ముతాడు. డయల్‌ను జీపీయూకే అప్పగించండి, అంకెలను మాత్రం ప్రాసెసరే విడిగా గీయాలి.