ఓనీల్ ఇంటికి తావో హౌస్ అని పేరు పెట్టుకున్నాడు సరే, నాటకాల్లో తావో ఉందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్‌కి 1936లో నోబెల్ వచ్చాక, ఆ డబ్బుతో కాలిఫోర్నియాలో డాన్‌విల్ దగ్గర కొండ మీద ఇల్లు కట్టించి తావో హౌస్ అని పేరు పెట్టాడు. తావో అంటే ప్రాచీన చైనా తత్వంలో ‘దారి’, దేన్నీ బలవంతం చేయకుండా సహజంగా సాగిపోవడం. లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్ నాటకం రాసింది అక్కడే. కానీ ఎంత చదివినా నాకు అందులో తావో కనిపించలేదు, ఒక కుటుంబం పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా ఒకరినొకరు మాటలతో పొడుచుకోవడం, వెంటనే బాధపడటం, ఇదే కనిపించింది. పాశ్చాత్య నాటకం మీద తావో ప్రభావం నిజంగా ఉందా? పేపర్ రాయాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఓనీల్‌లో ఉందండీ, కానీ మీరు వేరే నాటకంలో వెతకాలి. మార్కో మిలియన్స్‌లో (1928లో న్యూయార్క్‌లో ఆడారు) చైనా వెళ్ళిన వెనిస్ వర్తకుడు మార్కో పోలోకి ప్రతిదీ సరుకే, అక్కడి జ్ఞానం కంటికి ఆనదు, చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ మనవరాలు తనను ప్రేమిస్తోందని కూడా గ్రహించలేడు. అయితే నాకు అంతకంటే ఐస్‌మన్ కమెత్‌లోనే తావో ఎక్కువ కనిపిస్తుంది, అది కూడా ఆ ఇంట్లో రాసిందే. హికీ అనే సేల్స్‌మన్ ఒక సారాకొట్టుకు వచ్చి అక్కడి తాగుబోతుల భ్రమలన్నీ వదిలించి బాగుచేస్తానంటాడు, తీరా వాళ్ళు జీవం లేనివాళ్ళలా అయిపోతారు, అతను వెళ్ళాకే తేరుకుంటారు. పనిగట్టుకుని ఎదుటివాణ్ణి మార్చబోతే ఏమవుతుందో తావో తత్వానికి ఆద్యుడిగా చెప్పే లావోత్సు అన్నదానికి ఇది చాలా దగ్గర. ఇది నా అభిప్రాయం.

జవాబు 2:
నన్నడిగితే ఓనీల్‌ని పక్కనపెట్టి జర్మన్ నాటకకర్త బ్రెక్ట్‌ని తీసుకోండి. 1943లో జ్యూరిక్‌లో మొదట ఆడిన గుడ్ పర్సన్ ఆఫ్ సెచ్వాన్‌లో నీళ్ళమ్ముకునే వాంగ్ కలలో దేవుళ్ళకు ఒక పుస్తకం చదివి వినిపిస్తాడు. ముళ్ళవనం అనే చోట చెట్లు ఏపుగా పెరుగుతాయి, కానీ కాస్త లావెక్కగానే కుక్కల గూళ్ళకు కర్రలు కావాలని ఒకరు, ఇంకాస్త పెరిగితే శవపేటికకు పలకలని డబ్బున్నవాళ్ళు, ఇంకా పెరిగితే మేడలకు దూలాలని మరొకరు నరికేస్తారు, ఒక్క చెట్టూ నిండు ఆయుష్షు బతకదు. ఇది ప్రాచీన తావో తత్వవేత్త చువాంగ్ త్సు కథ. పనికిరాకుండా ఉంటే బతికిపోతావు అంటాడాయన. బ్రెక్ట్ అక్కడ ఆగడు, అదే నాకు ఇష్టం. నాటకంలో నాయిక షెన్ తే అందరికీ పనికొస్తుంది కాబట్టి అందరూ ఆమెను నరుక్కుతింటారు, చివరికి ఆమె కరుకైన మగ బంధువు వేషం వేసుకుని తనను తాను కాపాడుకోవాల్సి వస్తుంది. మంచివాళ్ళు ఇలా బతకాల్సిన లోకం ఏమిటని ప్రేక్షకుణ్ణే నిలదీస్తాడు. 1938లో హిట్లర్‌కి దూరంగా డెన్మార్క్‌లో తలదాచుకున్నప్పుడు లావోత్సు దేశం విడిచి వెళ్ళడం మీద కవిత కూడా రాశాడు. మెత్తటి నీరు కాలంతో పాటు రాయిని గెలుస్తుందన్న మాట అందులో ఉంది. పరాయి దేశంలో తలదాచుకున్న మనిషికి ఆ మాట ఎంత అవసరమో చూడండి.

జవాబు 3:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, ఒక్క జాగ్రత్త చెబుతాను. 1935లో మాస్కోలో చైనా నటుడు మే లాన్‌ఫాంగ్ నటన చూశాక బ్రెక్ట్ చైనా నటన గురించి వ్యాసం రాశాడు, చాలామంది దాన్ని కూడా తావో ఖాతాలో వేసేస్తారు. అది పెకింగ్ ఒపెరా అనే చైనా సంప్రదాయ సంగీత నాటక పద్ధతి గురించి, పాత్రలో మునిగిపోకుండా పాత్రను చూపించడం గురించి. పేపర్‌లో ఆ రెంటినీ విడివిడిగా రాయండి, ముళ్ళవనం కథతోనే మొదలుపెట్టండి.