మాగ్నటైట్ నుంచి పిర్రోటైట్‌ను విడదీయడం ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మాది ఒంగోలు దగ్గర కొణిజేడు. మా కొండరాయిలో మాగ్నటైట్ (నల్లటి ఇనుప ఖనిజం), క్వార్ట్జ్ చారలు చారలుగా ఉంటాయి. మెత్తగా నూరి అయస్కాంతం పెడితే నల్లపొడి కుచ్చులా లేస్తుంది, తెల్లది కింద ఉండిపోతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

కాలేజీ ప్రాజెక్టుకు ఇచ్చిన రాయి మాత్రం అలా లొంగట్లేదు. ఇందులో మాగ్నటైట్‌తో పాటు చాల్కోపైరైట్ (రాగి ఖనిజం), పిర్రోటైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) కూడా ఉన్నాయి. 75 మైక్రాన్లకు నూరి, జాంథేట్ (గంధకం ఉన్న ఖనిజాల రేణువులకు పట్టి, అవి గాలి బుడగలకు అంటుకునేలా చేసే మందు) వేసి, నీటిలో బుడగలతో పైకి తేల్చే ఫ్లోటేషన్‌లో రాగి ముందు తీశాను. అది బాగానే వచ్చింది. మిగిలినదాన్ని అయస్కాంతంతో లాగితే పిర్రోటైట్ కూడా మాగ్నటైట్‌తో వచ్చేస్తోంది, దానికీ అయస్కాంత గుణం ఉంది కదా. లెన్సులో చూస్తే నల్లటి రేణువుల మధ్య కంచు రంగువి మెరుస్తున్నాయి. గంధకం అలా మిగిలితే ఆ ఇనుము ఉక్కుకు పనికిరాదు.

నా అనుమానం ఒకటుంది. నూరిన పొడిని రెండు రోజులు తడిగానే వదిలేశాను, పైన తుప్పురంగు కట్టింది. పిర్రోటైట్ గాలికి తొందరగా పాడవుతుంది కాబట్టి జాంథేట్ పట్టలేదేమో.

అప్పటికప్పుడు నూరి, కాస్త ఆమ్లం, మైలుతుత్తం వేసి మళ్లీ తేలిస్తే ఫలితం ఉంటుందా? లేక ఇంకా సన్నగా నూరాలా? చేతులతో చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇక నా దగ్గర రెండు కిలోల రాయే మిగిలింది.