అప్‌డేట్: బేస్‌స్ట్రింగ్ ఎర్రర్ పోయింది, రెండో తప్పు నాదే

ఎనుమాముల మార్కెట్‌లో మా చిన్నాయన అడ్తి దుకాణం లెక్కల స్క్రిప్ట్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ 2.7లో నడుస్తూ, కొత్త ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3 మీద ‘బేస్‌స్ట్రింగ్’ (ఏ రకం టెక్స్ట్‌కైనా వాడే పేరు) దగ్గర నేమ్‌ఎర్రర్, అంటే ఆ పేరు తెలియదన్న ఎర్రర్, ఇస్తోందని పోయిన వారం అడిగాను కదా. తీరింది. అందరికీ థ్యాంక్స్.

పైథాన్ 3లో ఆ పేరే తీసేశారు. ఒక అన్న చెప్పినట్టు ఫైల్ మొదట్లో ట్రై (ఎర్రర్ వస్తే పట్టుకునే బ్లాక్) పెట్టి, నేమ్‌ఎర్రర్ వస్తే బేస్‌స్ట్రింగ్ అంటే ‘ఎస్‌టీఆర్’ (మామూలు టెక్స్ట్ రకం) అనుకొమ్మని రాశాను. విలువ టెక్స్టేనా అని చూసే కింది ఐజ్‌ఇన్‌స్టన్స్ చెక్‌లు ఒక్కటీ ముట్టుకోలేదు. రెండు కంప్యూటర్లలోనూ నడుస్తోంది.

అయినా బిల్లులో రైతుల పేర్లు ఖాళీ! టైప్ ప్రింట్ చేస్తే ‘బైట్స్’ అని, అంటే ఇంకా టెక్స్ట్‌గా మారని ముడి డేటా అని వచ్చింది. పైథాన్ 3లో అది స్ట్రింగ్ (టెక్స్ట్) కాదు, అందుకే ఆ చెక్‌లు పేర్లను వదిలేశాయి. ఫైల్‌ను ‘ఆర్‌బీ’ (బైట్స్‌గానే చదివే) మోడ్‌లో తెరిచింది నేనే. పైథాన్ 2లో అదీ స్ట్రింగే కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌తో డీకోడ్ చేసి టెక్స్ట్‌గా మార్చగానే ‘మల్లయ్య, 6 బస్తాలు’ అని వచ్చింది. తెలుగు ఫాంట్‌కు దీనితో సంబంధమే లేదు, దాని మీద నా ఆదివారం అంతా పోయింది.