మొదటి కొనుగోలు: టెలిస్కోపా, బైనాక్యులరా?

ప్రశ్న:
ఆకాశ పరిశీలన కొత్తగా మొదలుపెడుతున్నాను. చవకగా దొరికే 60 మి.మీ. టెలిస్కోపు ఒకటి చూశాను. 525 రెట్లు పెద్దదిగా చూపుతుందని పెట్టె మీద రాసి ఉంది. శని వలయాలు చూడాలన్నది నా ముఖ్యమైన కోరిక. అది కొనవచ్చా?

జవాబు 1:
ఆ 525ను నమ్మకండి. కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో సుమారు దానికి రెట్టింపు వరకే బొమ్మ స్పష్టంగా నిలుస్తుంది కనుక, ఈ 60 మి.మీ. టెలిస్కోపుకు హద్దు 120 రెట్లు. ఆపైన మసక మాత్రమే పెద్దదవుతుంది. అసలు చిక్కు స్టాండుతో వస్తుంది: సన్నకాళ్ల ట్రైపాడ్ అయితే ఫోకస్ చక్రాన్ని తాకగానే గ్రహం చూపులోంచి తప్పుకుంటుంది.

జవాబు 2:
నా ఓటు 10×50 బైనాక్యులర్‌కే (పది రెట్లు పెద్దదిగా చూపేది, 50 మి.మీ. కటకాలతో). మోచేతులు గోడకు ఆనించి చూస్తే గురుడి పెద్ద ఉపగ్రహాలు నాలుగూ చుక్కల్లా కనిపిస్తాయి. మామూలు కంటికి ఆరేడు నక్షత్రాలుగా తోచే కృత్తికలు పదుల సంఖ్యలో విచ్చుకుంటాయి.

జవాబు 3:
బైనాక్యులర్ మంచిదే కానీ, శని వలయాలకు చాలదు; కనీసం 30 రెట్లు కావాలి. ఓపిక పట్టగలిగితే, 114 లేదా 130 మి.మీ. అద్దంతో, బల్ల మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్ (సాదా తిరిగే పీఠం మీద నిలిచే అద్దపు టెలిస్కోపు) కోసం డబ్బు కూడబెట్టండి. 2025 మార్చిలో వలయాలు మనవైపు అంచుగా తిరిగాయి కాబట్టి, అవి మళ్లీ విశాలంగా కనిపించడానికి ఎలాగూ కొన్నేళ్లు పడుతుంది.