షటిల్ కోర్టులో ఏఈడీ కొన్నాం, ముట్టుకోవాలంటేనే భయం

అనంతపురంలో మేం పొద్దున్నే షటిల్ ఆడే చోట ఒక పెద్దాయన ఆట మధ్యలో కుప్పకూలాడు. షుగర్ పడిపోయిందంతే, 108 వాళ్ళు వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. కానీ అందరికీ గుండె జారిపోయి, తలా కొంత వేసుకుని ఏఈడీ మిషన్ కొన్నాం, అదే, ఛాతీకి ప్యాడ్లు అంటిస్తే గుండెను చూసి అవసరమైతే షాక్ ఇచ్చే పెట్టె. ఇప్పుడు దాన్ని చూస్తేనే టెన్షన్. ఆ రోజే మిషన్ ఉండి, ఆయనకు షాక్ కొట్టేసి ఉంటే? పైగా ఆడేవాళ్ళంతా చెమటతో తడిసి ఉంటారు, కరెంటు మనకూ కొట్టదా? సెక్రటరీ అయితే ఎవరూ కెలకొద్దని బీరువాలో పెట్టి తాళం వేసేశాడు.

కడప నర్సు:
ముందు ఆ తాళం తీయించు తమ్ముడూ. గుండె కొట్టుకోవడం గాడి తప్పి ఉత్తినే వణుకుతుంటేనే, లేదా పనికిరానంత వేగంగా పరుగెడుతుంటేనే అది షాక్ ఇవ్వమంటుంది. మీ పెద్దాయనకు ప్యాడ్లు అంటించినా వద్దనే చెప్పేది. గుండె అసలు కదలక తెర మీద దాని గీత పూర్తిగా చదునైపోయినా షాక్ ఉండదు, సినిమాల్లో చూపించేది తప్పు. మనిషి పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా లేకుండా ఉంటేనే మిషన్ తెరవాలి. చేపలాగా నోరు తెరిచి ఆగి ఆగి ఎగపీలుస్తుంటే అది ఊపిరి కాదు, చాలామంది అక్కడే మోసపోతారు. ఒకరు 108కి ఫోన్, ఒకరు ఛాతీ నొక్కుడు, ఒకరు మిషన్ కోసం పరుగు. సీపీఆర్, అంటే ఆ ఛాతీ నొక్కుడు కూడా లేకుండా పోయే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గుతుంది. ఆ టైంలో తాళంచెవి ఎవరి దగ్గరుందని వెతుక్కుంటారా?

చెమట సంగతంటావా, టవల్‌తో ఛాతీ గట్టిగా తుడవండి, లేకపోతే ప్యాడ్ అంటుకోదు. ఒకటి కుడి కాలర్ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద. మందు ప్యాచ్ ఉంటే పీకేయండి. పేస్‌మేకర్ ఉబ్బు కనిపిస్తే దాని మీద మాత్రం పెట్టొద్దు.

వైరింగ్ మేస్త్రి:
ఇంట్లో కరెంటులాగా ఇది భూమిలోకి పోయే దారి వెతుక్కోదన్నా, ఒక ప్యాడ్ నుంచి ఇంకో ప్యాడ్‌కే పోతుంది. అలాగని మనిషిని పట్టుకుని ఉండొద్దు. మనవాళ్ళు ఎవరైనా పడిపోతే ఏం చేస్తారు, మొహాన చెంబెడు నీళ్ళు కొట్టి ఇద్దరు అరికాళ్ళు రుద్దుతుంటారు కదా, ఆ ఇద్దరితోనే ప్రమాదం. మిషన్ పరీక్షించేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు అందరూ తప్పుకోవాల. నీళ్ళ మడుగులో ఉంటే పక్కకు లాగండి.

కర్నూలు జిమ్ కోచ్:
మీది ఏ రకమో చూసుకోండి. కొన్నింట్లో బటన్ మనం నొక్కాలి, కొన్ని వాటంతటవే షాక్ ఇచ్చేస్తాయి. మా ట్రైనింగ్‌లో నేను చేసిన తప్పేందంటే, షాక్ అయ్యాక బొమ్మ వంక చూస్తూ నిలబడిపోయా. అలా చూడకూడదు, వెంటనే మళ్ళీ ఛాతీ నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా. రెండు నిమిషాలకోసారి మిషనే ఆగమని మళ్ళీ చూసుకుంటుంది. మనిషి కదిలినా సరే, 108 వాళ్ళు వచ్చేదాకా ప్యాడ్లు పీకొద్దు.

ప్రశ్న అడిగినవాడు:
సెక్రటరీకి ఇదంతా చదివి వినిపించా. తాళం తీశాడు, మిషన్ గోడకెక్కింది. లైటు ఆకుపచ్చగానే ఉంది గానీ ప్యాడ్ల కవర్ మీద గడువు చూస్తే వచ్చే నెలతో అయిపోతోంది. అమ్మినోడు ఫోన్ ఎత్తట్లేదు.