డార్విన్ తప్పని థంబ్‌నెయిల్ పెట్టమంటున్నారు, ఏం చేయను?

బెజవాడ_రిపోర్టర్: విజయవాడలో ఒక యూట్యూబ్ న్యూస్ ఛానల్‌లో చేస్తున్నా. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి జీవ పరిణామం పాఠం తీసేసింది కదా, దాని మీద గుంటూరులో ఒక జువాలజీ లెక్చరర్ గారితో గంటసేపు మాట్లాడి వచ్చా, మావాళ్లేమో ఆయన "ఇంకా తెలియాల్సినవి చాలా ఉన్నాయి" అన్న ముక్క ఒక్కటే కట్ చేసి "డార్విన్ తప్పు: లెక్చరర్ సంచలనం" అని పెట్టమంటున్నారు. హిట్టయితే యాంకర్ చాన్స్ ఇస్తారంట. దానికోసమే ఈ ఫీల్డ్‌కొచ్చా అన్నా.

పాత_డెస్క్: వద్దు తమ్ముడూ. నిన్ను నమ్మి మాట్లాడిన మనిషి రేపు క్లాసులో పిల్లల ముందు ఎలా నిలబడతాడు?

కృష్ణలంక_కుర్రోడు: రెండు వైపులా వినిపించాలి కదా బ్రో, దేవుడే సృష్టించాడని నమ్మేవాళ్లు బోలెడుమంది.

పాత_డెస్క్: వినిపించు, ఎవరొద్దన్నారు, కానీ లెక్చరర్ అనని మాట ఆయన నోట్లో పెట్టడం రెండో వైపు ఎలా అవుతుంది? అమెరికాలో డోవర్ అనే ఊళ్లో స్కూల్లో పరిణామం పాఠం మీద నడిచిన కేసు చూడండి, 2004లో స్కూల్ బోర్డు మీటింగుల్లో క్రియేషనిజం (అంటే దేవుడే సృష్టించాడనే వాదం) మాటెత్తారని ఇద్దరు లోకల్ ఫ్రీలాన్స్ రిపోర్టర్లు రాస్తే బోర్డు వాళ్లు మేమనలేదని బుకాయించారు, 2005లో ఆ ఇద్దరూ కోర్టుకెళ్లి రాసింది నిజమేనని సాక్ష్యం చెప్పారు, జడ్జి వాళ్లనే నమ్మాడు. పెద్ద ఛానళ్ల వాళ్లు కూడా కాదు! నాకైతే ఆ పేరే కావాలనిపిస్తది.

గుంటూరు_టీచరమ్మ: బాబూ, ఫుల్ రికార్డింగ్ నీ దగ్గర ఒక కాపీ పెట్టుకో. హెడ్‌లైన్ నువ్వే రాసి ఎడిటర్‌కి మెయిల్ పెట్టు, ఒప్పుకోకపోతే నీ పేరు తీసేయమను, ఆ లెక్చరర్ గారికి మాత్రం ఇవాళే ఫోన్ చెయ్యి.